మూత తీసిన మనిషి

బండి కంపెనీ సర్వీసు సెంటరుకు నాలుగు ఉత్తరాలు రాశాను. మూడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నాలుగోది స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, అందినట్టు నా కాపీ మీద ముద్ర కూడా వేయించుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. రాయపురంలో హార్బరు పక్కన ఒక గోడౌను ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు నేను చేసిన ఉద్యోగం ఉత్తరాలతోనే. వచ్చిన ఉత్తరానికి నంబరు వేయడం, సంబంధించిన సీటుకు పంపడం, పది రోజుల్లో జవాబు వెళ్లిందా లేదా అని చూడడం. అందుకని జవాబు రాని ఉత్తరం సంగతి నాకు బాగా తెలుసు. దాన్ని చదవరని కాదు. చదివి పక్కన పెడతారు. ఆ పైన దాని మీద టీ గ్లాసు పెడతారు.

నా ఫిర్యాదు మరీ పెద్దదేం కాదు. నాకో బండి ఉంది. ఎత్తైన డీజిల్ బండి, నాలుగు చక్రాలూ కలిసి లాగే ఫోర్ వీల్ డ్రైవ్. రిటైరయ్యే ముందు కొన్నాను. చింతాద్రిపేట సందుల్లో ఆటో తిరగడమే గగనం, ఇంత బండితో ఏం చేస్తావని వీధిలో అందరూ నవ్వారు. ఆ తరవాతి డిసెంబరు వానల్లో కూవం ఏటి నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మందుల షాపుదాకా వెళ్లగలిగింది నా బండి ఒక్కటే. నవ్వినవాళ్లే మందుల చీటీలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. అందరికీ తెచ్చి ఇచ్చాను. ఎవరెవరు నవ్వారో మాత్రం ఇప్పటికీ వరసగా చెప్పగలను.

నెలకొకసారి నేనూ మా ఆవిడా ఆ బండిలో తలకోన వైపో, జవ్వాది కొండల వైపో వెళ్లివచ్చేవాళ్లం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ హార్బరు తప్ప ఏమీ చూడనివాడికి ఆ కొండదారులు ఎంత అపురూపమో వేరే చెప్పనక్కర్లేదు.

పోయిన ఏడు దసరా అయిన కొన్నాళ్లకు స్టీరింగు మూలగడం మొదలుపెట్టింది. నిండు చూలు గేదె పడుకోబోతూ మూలిగినట్టు ఉండేది ఆ చప్పుడు. మూలుగుతోపాటు బరువు కూడా. ఒంటి చేత్తో తిరిగే చక్రం రెండు చేతులా లాగితే గాని కదలకుండా అయింది. కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. అద్దాల హాలు, చల్లటి గాలి. సర్వీసు అడ్వయిజరు అనే కుర్రవాడు చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. నన్ను కూర్చోమనలేదు. నాలుగు గంటల తరవాత బండి కడిగి తెచ్చి నిలబెట్టి, 'నార్మల్' అని ఉన్న కాగితం చేతిలో పెట్టాడు.

"నార్మల్ అంటే ఏమిటి? మూలుగుతోంది కదా?" అన్నాను.

అతను బానెట్టు వైపు చూడలేదు. నా నెరిసిన తల వైపు చూశాడు. నవ్వాడు. "వయసాయిడుచ్చు సార్," అన్నాడు. వయసైపోయింది, చేతుల్లో పట్టు తగ్గుతుంది, స్టీరింగు బరువుగానే అనిపిస్తుంది అని సారాంశం.

ఆ మాట నా ఒక్కడితో అని ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. పక్కనే మా ఆవిడ ఉంది. వారం తిరక్కుండా వంతెన దగ్గర మలుపులో చక్రం ఒక్క లాగులో తిరగలేదు. బండి అడ్డంగా నిలబడిపోయింది. వెనకనుంచి హారన్లు. నా భుజాలు వణకడం ఆమె చూసింది. ఇంటికొచ్చాక తాళం చెవి తీసుకుని తన బీరువాలో పెట్టుకుంది.

"అమ్మేద్దాం," అంది.

"బండిలో తప్పుంది."

"బండిలో ఏం లేదని వాళ్లు రాసిచ్చినారు గదా. మీ చేతుల్లోనే లేదు సత్తవ. ఒప్పుకుంటే ఏం పోతాది?"

పోయేదేమిటో ఆమెకు తెలియదని కాదు. మూడు వారాలు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. చేతులదా, బండిదా తప్పు అనేది ఇంకొక్క మనిషి చూసి తేల్చాలి. చేతులదే అంటే ఆ వారంలోనే అమ్మకం. బండిదంటే తాళం చెవి నాది.

ఆ ఇంకొక మనిషిని చెప్పింది మా వీధి చివర స్పేర్ పార్టుల షాపతను. అంబత్తూరు ఎస్టేటులో, లేతు మిషన్ల షెడ్ల మధ్య ఒక మేస్త్రి ఉన్నాడన్నాడు. ఒకప్పుడు సినిమా యూనిట్ల జీపులూ జనరేటరు లారీలూ చూసుకున్నవాడు. మా లాగే తాతల నాడు నెల్లూరు వైపునుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. తాళం చెవి ఆ ఒక్క పూటకు నాకు దక్కింది. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఆమె రోడ్డు చూడలేదు, నా చేతులే చూసింది.

రేకుల షెడ్డు. మేస్త్రికి నా వయసే ఉంటుంది, రెండేళ్లు ఎక్కువే ఉండొచ్చు. మేం వెళ్లేసరికి ఏదో లారీ బోల్టులు కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెడుతున్నాడు. తలెత్తలేదు. ఆ వరస పూర్తయ్యేదాకా నన్ను నిలబెట్టాడు. తరవాత కుర్చీ తుడిచి, "కూర్చోమ్మా," అని మా ఆవిడకు వేశాడు. నాకు వేయలేదు. ఇది కూడా నేను మరిచిపోలేదు. ఈ వ్యాసంలో అతన్ని పొగడబోతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేను నా ఫైలు తీశాను. ఉత్తరాల కాపీలు, సర్వీసు కాగితం, తారీకుల వారీగా మూలుగు వివరాలు.

"కాయితాలు నాకెందుకు సామీ? బండి నోరు తెరిచి చెప్తా ఉండాది గదా. స్టార్ట్ చేసి, ఉన్నచోటనే తిప్పండి," అన్నాడు.

తిప్పాను. మూలిగింది. అతను బానెట్టెత్తి, ఒక గొట్టం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నాడి చూసినట్టు నిలబడ్డాడు. చాలని చెయ్యి ఊపాడు. ఇంజను ఆపాను.

దిగి పక్కకు వెళ్తే, అతను ఇంజను వంక చూస్తూ నవ్వుతున్నాడు. "పూజ గట్టిగానే చేస్తారే!"

నాకు గర్వమే అనిపించింది. ఆయుధపూజకు బండి కడిగి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఊరుకునే రకం కాదు నేను. బానెట్టెత్తి, లోపల మూత అనేది ఎక్కడుంటే అక్కడ గంధం పూసి కుంకుమ బొట్టు పెడతాను. రేడియేటరు మూత, ఇంజనాయిలు మూత, బ్రేకు ఆయిలు మూత, స్టీరింగు ఆయిలు డబ్బా మూత. మా నాన్న కుట్టుమిషనుకు నూనె పోసే కన్నాల దగ్గర కూడా అలాగే పెట్టేవాడు. ఏటా పాత గంధం మీద కొత్త గంధం. ఏడు దసరాలు. స్టీరింగు డబ్బా మూత మీద పొరలు కట్టి, పగుళ్లిచ్చిన సున్నపు గోడలా ఉంది.

"ఈ మూత ఎప్పుడన్నా తీస్తారా?" అని అడిగాడు.

"ప్రతి ఆదివారం తీస్తాను. ఆయిలు ఎంతుందో చూసుకుంటాను. నా బండి నేనే చూసుకోవాలి కదా, వాళ్లను నమ్మి కూర్చుంటే అవుతుందా?"

"తీసేముందు తుడుస్తారా?"

నేను ఫైలులో కాగితాలు సర్దుకున్నాను. అతను రెట్టించలేదు.

తరవాత అతను చేసిన పని నేను ఏ సర్వీసు సెంటరులోనూ చూడలేదు. డబ్బా మూత తీయడానికి ముందు పావుగంట దాని చుట్టూ తుడిచాడు. మొదట పొడి బ్రష్షుతో గంధం రాల్చి, రాలినదాన్ని అట్టముక్క మీదికి ఎత్తాడు. తరవాత తడిగుడ్డ, ఆ తరవాత ఆరిన గుడ్డ. ఒక చెయ్యి పని చేస్తుంటే రెండో చెయ్యి ఆ డబ్బా అంచును కాపు కాస్తూనే ఉంది. "తియ్యకముందు తుడిస్తే మురికి బయటికి పోతాది. తీసినాక తుడిస్తే లోపలికి పోతాది. అంతే సామీ మా చదువు," అన్నాడు.

మూత తీశాడు. లావుపాటి సిరంజితో డబ్బాలో ఉన్న ఆయిలంతా లాగేశాడు. ఎర్రగా ఉండాల్సింది కాగిన చింతపులుసు రంగులో ఉంది. గొట్టాలు విప్పి, వాటి నోళ్లకు గుడ్డలు కుక్కి, డబ్బానే బయటికి తీశాడు. పాత క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి పరిచి, తెల్లని వైపు మీద దాన్ని బోర్లించి తట్టాడు.

ముద్ద పడింది. కాఫీ ఫిల్టరు దులిపితే పడే పిప్పిలాంటి ముద్ద. అతను దాంట్లో చిటికెడు తీసి, పెట్రోల్లో కడిగి, అరచేతిలో వేసుకుని తీసుకెళ్లి మొదట మా ఆవిడకే చూపించాడు. పసుప్పచ్చగా, రవ్వలా ఉంది.

"ఇదేందో చెప్పమ్మా."

ఆమె వేళ్ల మధ్య నలిపింది. ఆ గంధం ప్రతి దసరాకూ సాన మీద అరగదీసేది ఆమే. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయ్యో రామా! నా గంధం!"

"డబ్బా అడుగున సన్న జల్లెడ ఉంటాదమ్మా. పంపు దాంట్లోంచే నూనె తాగాల. ఈయన ప్రతి వారం మూత తిప్పి తీస్తా ఉంటే ఎండిన గంధం పొడి కొంజం కొంజం లోపల పడింది. జల్లెడ మూసుకపోయింది. పంపుకు దప్పికయితే మూలగదా మరి? నూనె అందకుంటే చక్రం బరువెక్కక ఏం చేస్తాది?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "బొట్టు పెట్టమని అరగదీసిస్తే గోడకు మెత్తినట్టు మెత్తమన్నానా? సామికి గూడా ఇంత పుయ్యరే! లోపల పంపుకు గూడా నైవేద్యం పెట్టినారా?"

మేస్త్రి నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. నేను ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాను. ఫిర్యాదు మధ్యలో నా అంతట నేను ఫైలు మూయడం నాకు తెలిసి అదే మొదటిసారి.

పంపు పోయిందేమోనన్నది అప్పుడు నా భయం. పంపు మార్చాలంటే మా ఆవిడ ఒప్పుకోదు, అమ్మకమే. ఆ మాట అడిగితే, "తిరిగి నూనె తాగిస్తే గాని తెలియదు. ప్రాణముంటే మూలుగు ఆపుతాది," అన్నాడు.

జల్లెడను బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి, వెలుతురుకు పట్టి, ఒక్కొక్క కన్నం చూశాడు. నాకు బాగానే ఉందనిపించింది. అతనికి అనిపించలేదు. మళ్లీ కడిగాడు. మూతలో గాలి ఆడే సన్నని కన్నం ఒకటుంటుందట, అదీ గంధంతో పూడిపోయింది. సూది తీసుకుని దాన్నీ తెరిచాడు. డబ్బా బిగించాక బండి ముందు భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలిపాడు. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి. ఆయిలు వెనక్కి వచ్చే గొట్టం ఊడదీసి, దాని కొసను గాజు సీసాలో పెట్టాడు. కొత్త ఆయిలు డబ్బా మూత తిప్పి, నా వైపు చూశాడు.

"ఎక్కి కూర్చోండి. నేను చెప్పినప్పుడు తిప్పాల. ఇంజను వెయ్యొద్దు."

"ఆయనకు భుజం నొప్పి నాయనా, నువ్వే తిప్పు," అంది మా ఆవిడ.

"నేను నూనె పొయ్యాలమ్మా. డబ్బాలో నూనె తగ్గితే గాలి పట్టేస్తాది. అదీగాక నా షెడ్డులో నడిపేవాళ్లే తిప్పాల. లోపల ఏం జరగతా ఉండాదో వాళ్ల చెయ్యికి తెలియాల."

ఎక్కాను. "ఎడమకు," అన్నాడు. ఇంజను లేని స్టీరింగు, చక్రాలు గాల్లో ఉన్నా, మొండిగానే ఉంది. ఎడమ చివరిదాకా తిప్పాను. సీసాలో నల్లగా చిమ్మింది. "కుడికి." మళ్లీ చిమ్మింది. చివరికి వచ్చాక కూడా నేను గట్టిగా తోశాను. అతను కేకేశాడు. "తలుపు మూసుకున్నాక గూడా తోస్తారేంది సామీ? ఆగిన చోట వదలాల!"

నన్ను అలా కేకేసినవాళ్లు తక్కువ. కానీ ఆ కేకలో నిజం ఉంది. జీవితమంతా మూసుకున్న తలుపులే తోస్తూ వచ్చినవాణ్ణి నేను.

ఎడమ, కుడి, ఆపు, ఎడమ. అతని గొంతు ఒకే స్థాయిలో నడిచింది. డబ్బాలో ఆయిలు గీత కిందికి ఒక్కసారీ దిగనివ్వలేదు. నేను తిప్పే వేగానికి సరిగ్గా అతని ధార. నేను నెమ్మదిస్తే ధార సన్నబడేది. భుజం నొప్పితో ఒకసారి ఆగిపోతే ధారా ఆగింది, ఎందుకాగావని అడగలేదు. మళ్లీ తిప్పితే మళ్లీ పోశాడు. సీసాలోకి నల్లది పోయి గోధుమరంగు వచ్చింది, అది పోయి లేత గోధుమరంగు వచ్చింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. లెక్కపెట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను, ఇరవై ఆరోసారి గొట్టంలోంచి దానిమ్మ రసంలా ఎర్రగా, తేటగా వచ్చింది. అతను దాని చుక్క ఒకటి క్యాలెండరు కాగితం మీద వేసి, చుట్టూ మరక ఎలా పాకుతుందో చూసి తల ఊపాడు.

గొట్టం బిగించి, డబ్బా నింపి, "ఇప్పుడు ఊరికే తిప్పండి, గాలి పోవాల," అన్నాడు. మరో పది సార్లు. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగిలాయి. తరవాత ఏమీ చేయలేదు. టీ తెప్పించాడు. ఇంజను వేద్దామని నేను తొందరపెట్టాను.

"నూనె నిమ్మళించాల సామీ. తొందరపడితే నురుగు పడతాది, నురుగుతో పంపు నడవదు."

టీ తాగుతున్నంతసేపూ అతను ఆ డబ్బా మీదనుంచి కన్ను తీయలేదు. ముప్ఫై రెండేళ్లు కాగితాలతో గడిపిన నాకు ఒకటే అనిపించింది. ఇంత శ్రద్ధగా నేను ఒక్క ఉత్తరం కూడా చదవలేదు. చివరి బుడగ పగిలాక గ్లాసు కింద పెట్టి, చక్రాలు నేల మీదికి దించాడు.

"వెయ్యండి."

ఇంజను వేశాను. చక్రం ఎడమకు తిప్పాను. మూలుగు వచ్చింది. మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. మేస్త్రి మాత్రం కదల్లేదు, "మెల్లగా, మెల్లగా," అన్నాడు. కుడికి తిప్పాను. మూలుగు సన్నబడింది. మళ్లీ ఎడమకు. కీచుమని చిన్నగా ఒకసారి అని, ఆగిపోయింది. ఆ తరవాత ఎంత తిప్పినా ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చక్రం అరచేతి కింద నీళ్లలో తెడ్డులా తిరిగింది.

మా ఆవిడ మేస్త్రి దగ్గరికి వెళ్లింది. ఆమె వచ్చింది తీర్పు వినడానికి కదా. "బండిది సరే. ఈయన చేతుల సంగతేంది? నిజం చెప్పు నాయనా. మొహమాటం వద్దు."

అతను చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "ఇంజను లేకుండా ముప్పై ఆరు తూర్లు ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పినారు. నా షెడ్డుకు వచ్చే పడుచోళ్లు పదికే దిగిపోతారు. చేతుల్లో పట్టు లేదని ఎవరమ్మా చెప్పింది నీకు?"

అతనూ లెక్కపెట్టాడన్నమాట. నన్ను నిలబెట్టినందుకు, కుర్చీ వేయనందుకు, కేకేసినందుకు, అన్నిటికీ అతన్ని అప్పుడే క్షమించాను.

ఆమె వెళ్లి తన సీట్లో కూర్చుని తలుపేసుకుంది. తాళం చెవి అడగలేదు.

నేను ఫైలు మళ్లీ తెరిచి, తెల్లకాగితం తీసి, తప్పు బండిదేనని రాసి సంతకం పెట్టమని మేస్త్రిని అడిగాను. ఐదో ఉత్తరానికి జత చేయాలి కదా.

అతను కాగితం తీసుకోలేదు. "రాస్తే రెండూ రాయాల సామీ. గంధం మీరు పూసినారని గూడా రాయాల. అది వదిలేసి ఇది ఒకటే రాయమంటే నా చెయ్యి ఆడదు."

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"జల్లెడకు తెలుసు గదా," అన్నాడు.

అందుకని రెండూ నేనే రాస్తున్నాను. ఆ స్టీరింగు మూలిగింది నా వల్ల. గంధం నాది, తుడవకుండా మూత తీసిన చెయ్యి నాది, ఏడేళ్ల నిర్లక్ష్యం నాది. భక్తి అనుకున్నాను, చూసుకోవడం అనుకున్నాను. రెండూ కాదు. ఒప్పుకుంటున్నాను, సంతకం కూడా పెడతాను. ఒకరి పని ఎలా ఉండాలో అరవై దాటాక అంబత్తూరు రేకుల షెడ్డులో నేర్చుకున్నానని రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఇక మీ వంతు. అద్దాల హాలులో పలక పట్టుకుని నిలబడ్డ అబ్బాయీ, అతని పైన ఉన్న మేనేజరు గారూ, మీరు నాకు క్షమాపణ చెప్పనక్కర్లేదు. నా బండి నాలుగు గంటలు మీ దగ్గర ఉంది. ఆ మూత మీద వేలెడు మందం గంధం ఉంది, గుడ్డివాడి చేతికైనా తగులుతుంది. అది చూసినవాడెవడైనా ఇదేమిటని అడిగేవాడు. ఎవరూ అడగలేదు. బండి కడిగారు, నా తల చూశారు, వయసని చెప్పారు. ఒక మనిషి చేతిలోంచి తాళం చెవి పోయేంత మాట అది.

నేను అడిగేది ఒకటే. నార్మల్ అని రాయకముందు ఆ మూత తీశారా, లేదా? తీశాం, తీయలేదు, ఈ రెంటిలో ఏదో ఒకటి రాసి, కింద పేరు పెట్టి పంపండి. ఈసారి జవాబు ఇవ్వండి.